కోస్తే పెరిగే ఊపిరి

చిక్కడపల్లిలో మా సందు మొదట్లో కూరగాయలు అమ్మే ఆమె నన్ను ‘మత్తు డాక్టరమ్మా’ అని పిలుస్తుంది. నా పేరు ఆమెకు తెలియదు. నా చేత మత్తు తీసుకున్నవాళ్ళకే తెలియదు, ఆమెకెలా తెలుస్తుంది? కోసిన సర్జన్ పేరు మనవళ్ళకు కూడా చెప్పుకుంటారు. నిద్రపుచ్చి, నిద్రలో కాపలా కాసి, మళ్ళీ లేపిన మనిషి మొహం ఎవరికీ గుర్తుండదు. ఉద్యోగం కొత్తలో ఉక్రోషంగా ఉండేది. తరువాత అలవాటైంది. ఇప్పుడైతే సందులో ఎవరూ ఆపి రోగాల గురించి మాట్లాడకపోవడం హాయిగానే ఉంది, ఎందుకంటే నిజంగా అలసిపోయాను.

ఈ పని నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ఈ మధ్య ఇంటికి వచ్చి, ఎమ్‌ఫసీమా ముదిరినవాళ్ళకు చేసే ఆపరేషన్ల గురించి మీకు తెలిసింది రాసిపెట్టండి మేడం అంది. పుస్తకంలో ఉన్నది ఆమె ఎలాగూ చదువుకుంటుంది. నేను చూసింది రాస్తాను. ప్రమోషన్లూ ట్రాన్స్‌ఫర్లూ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి వాటి జోలికి పోను. చాలావరకు ఒక్క మనిషి సంగతే ఉంటుంది. నేను నేర్చుకున్నదంతా ఆయన ఒక్కడి కేసులో అవసరపడింది.

ఖర్చీఫ్ వేసిన సీట్లు

ఊపిరితిత్తి నిండా చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. ఏళ్ళ తరబడి పొగ పీల్చినవాళ్ళలో ఆ గదుల గోడలు కరిగిపోయి, సాగిపోయిన సంచుల్లా తయారవుతాయి. లోపలికి వెళ్ళిన గాలి బయటికి రాదు. అదే ఎమ్‌ఫసీమా. చూసేవాళ్ళకు మనిషి గాలి అందక గింజుకుంటున్నట్టు ఉంటుంది. నిజానికి వాడిన గాలి లోపల నిండిపోయి, కొత్తదానికి చోటు లేక గింజుకుంటూ ఉంటాడు. ఈ ఒక్క విషయం ఒంటపట్టకపోతే మీరు ఈ రోగుల దగ్గరికి పోవద్దు.

రాజం సారు అశోక్‌నగర్‌లో గవర్నమెంటు ఉద్యోగ పరీక్షలకు లెక్కలు చెప్పేవాడు. జగిత్యాల వైపు మనిషి. సిగరెట్లు మానేసి అప్పటికి కొన్నేళ్ళయింది, కానీ కాల్చినన్నాళ్ళూ గట్టిగానే కాల్చాడు. ఆయన భార్య సుగుణతో కలిసి, నేను చివరగా పనిచేసిన ఆసుపత్రికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, పెదవులు సున్నాలా చుట్టి, కాసేపు ఊపిరి సర్దుకున్నాక గానీ నమస్తే అనలేకపోయాడు.

అప్పటికే మా చీఫ్ సర్జన్ ఆయన్ని చూసి ఆపరేషన్ గురించి చెప్పి పంపాడు. మత్తుకు పనికొస్తాడో లేదో తేల్చడం నా వంతు. సుగుణ నా మొహంలోకి చూసి సూటిగా అడిగింది.

“ఊపిరి సాలకనే కద మేడం మీ దగ్గెరికి వచ్చింది? ఉన్నదాంట్ల కెల్లే కోసి తీస్తమంటున్నరు పెద్ద సారు. గదెట్ల అక్కెరకొస్తది?”

ఇంతకంటే మంచి ప్రశ్న నన్ను ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు.

“బస్సెక్కుతవు కదా సుగుణమ్మా,” అన్నాను. “ఎక్కేసరికి ముందు సీట్లన్నిట్ల ఎవరో ఖర్చీఫ్‌లు వేసి పోయిండ్రు. వాళ్ళు రారు, వేరేవాళ్ళను కూసోనియ్యరు. జనం తలుపు దగ్గర నలిగిపోతుంటరు. ఆ సీట్లు పీకేస్తే ఏమైతది?”

“నిలవడనీకన్న జాగ అయితది,” అంది.

“గంతే. పైభాగం పాడైపోయి ఊరికే జాగ ఆక్రమించింది. అది తీస్తే కింద మంచిగ ఉన్నది విచ్చుకుంటది. దాని కింద ఉండే కండరం కూడ మళ్ళ పని చేస్తది.”

రాజం సారు తల ఊపి, “తీసివేస్తే... ఎక్కువైతది,” అన్నాడు. అంటూ నవ్వబోయాడు కానీ నవ్వుకు గాలి చాలలేదు.

సుగుణ అంతటితో ఆగలేదు. కోయకుండా వేరే తోవ ఏమీ లేదా అంది. ఉన్నాయి. గొంతు గుండా సన్నని గొట్టం పంపి, పాడైన భాగానికి పోయే దారుల్లో చిన్న వాల్వులు పెట్టవచ్చు. గాలి బయటికి వస్తుంది, లోపలికి పోదు. ఆ భాగం ముడుచుకుపోతుంది. కానీ పక్క భాగం నుంచి దొంగదారిన గాలి వచ్చేవాళ్ళకు అది పనిచేయదు. రాజం సారుకు ఆ దొంగదారులు ఉన్నాయని స్కాన్ చెప్పింది. ఇక ఊపిరితిత్తుల మార్పిడి. దానికి వేరెవరో చనిపోవాలి, ఆ చనిపోయిన మనిషివి సరిపోవాలి, ఆ తరువాత బతికినంతకాలం మందులూ భయమూ ఉంటాయి. మార్పిడి చేసేచోట ఆయన వయసు, గుండె చూసి వద్దన్నారు. ఊపిరితిత్తిలో ఒక్కటే పెద్ద బుడగ ఉండి అది పక్కనున్న మంచి భాగాన్ని నొక్కుతుంటే, ఆ బుడగ తీసేయడం అన్నిటికన్నా తేలికైన ఆపరేషన్. ఆయనకు అదీ లేదు. అందుకే పైభాగాన్ని కోసి పరిమాణం తగ్గించే ఈ ఆపరేషనే మిగిలింది.

మా చీఫ్

మా చీఫ్‌ది బంగారం లాంటి చెయ్యి. ఆయనంత శుభ్రంగా ఛాతీ తెరిచేవాళ్ళను నేను చూడలేదు. కానీ వద్దు అనే మాట వినడం ఆయనకు చేతకాదు. ఏళ్ళ తరబడి ఆయనకు ఆ మాట చెప్పేది నేనే కావడం వల్ల మా మధ్య స్నేహం ఎప్పుడూ లేదు. గౌరవం ఉండేది.

ఒకప్పుడు రాంనగర్ నుంచి ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. కుడివైపు సగం ఛాతీని ఒక్క బుడగే మింగేసింది. చీఫ్ దాన్ని తీసేశాడు. ఆ మనిషి మెట్లు ఎక్కి వచ్చి ఆయన కాళ్ళకు మొక్కాడు. ఆ ఒక్క గెలుపు మమ్మల్ని చాలాకాలం తప్పుదారి పట్టించింది. ఆయాసం ఉన్న ప్రతివాడూ కోతకు పనికొస్తాడనే ఊపు వచ్చింది. తరువాత కవాడిగూడ నుంచి ఒక టైలరును తీసుకొచ్చారు. అతని ఊపిరితిత్తులు పైన కింద అనే తేడా లేకుండా అంతటా ఒకేలా పాడైపోయాయి. నేను వద్దన్నాను. ఇంటివాళ్ళు బతిమాలారు, చీఫ్ వేరే మత్తు డాక్టర్ని పెట్టుకుని చేశాడు. ఆ టైలరు వెంటిలేటర్ మీది నుంచి మళ్ళీ దిగలేదు.

ఆ తరువాత చీఫ్ నాతో దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. కానీ నన్ను కాదని ఇంకెప్పుడూ వేరేవాళ్ళను పెట్టుకోలేదు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకునే తీరు మన దగ్గర ఇదే. మీరు దీనితోనే సరిపెట్టుకోవాలి.

పాడైన భాగం పైన పోగుపడి ఉండాలి, మిగిలినది పనికొచ్చేలా ఉండాలి, సిగరెట్ మానేసి ఉండాలి, కొన్ని వారాలు నడిపించి కసరత్తు చేయించాక కూడా ఆయాసం తగ్గకుండా ఉండాలి, అయినా ఆపరేషన్ తట్టుకునేంత శక్తి మిగిలి ఉండాలి. ఇన్ని కుదిరినవాడికే ఈ కోత మేలు చేస్తుంది. మరీ ముందు వస్తే అక్కర్లేదు, మరీ ఆలస్యంగా వస్తే చంపుతుంది. మధ్యలో ఉన్న ఆ సన్నటి సందులో మనిషి పడాలి.

ఆ మాట

రాజం సారును కసరత్తుకు పెట్టాను. “నడువలేకనే వస్తిని మేడం,” అన్నాడు. అయినా నడిచాడు. అశోక్‌నగర్‌లో హాస్టళ్ళ మెట్ల మీద కూర్చుంటూ లేస్తూ, సుగుణ పక్కనే నడుస్తుండగా, వారాల తరబడి రోజూ పొద్దున నడిచాడు. సాయంత్రం క్లాసు వదులుకోలేదు.

కానీ ఊదుడు పరీక్షలో ఆయన లెక్క మాత్రం ప్రతిసారీ ఆపరేషన్‌కు పెట్టిన హద్దుకు కిందే వచ్చింది. ఒక గొట్టం నోట్లో పెట్టుకుని, గుండె నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా చివరిదాకా ఊదాలి. ఎంత ఊదగలిగితే అంత శక్తి ఉన్నట్టు. ఆయన కాగితం చూస్తే కవాడిగూడ టైలరు కన్నా మెరుగు ఏమీ కాదు. వద్దని రాసి పంపేస్తే ఎవరూ నన్ను తప్పుపట్టరు.

నాకు నమ్మకం కుదరలేదు. నడకలో ఆయన కాగితం కన్నా బాగున్నాడు. అందుకని మళ్ళీ పరీక్ష పెట్టించి, ఈసారి నేనూ గదిలో నిలబడ్డాను. టెక్నీషియన్ అమ్మాయి అందరికీ చెప్పినట్టే చెప్పింది. “పీల్చండి, పీల్చండి... ఇప్పుడు వదలండి. ఊపిరి వదిలేయండి, మొత్తం వదిలేయండి.”

రాజం సారు ఊదడం మొదలుపెట్టాడు. వదిలేయండి అనగానే ఆయన కళ్ళు తలుపు వైపు తిరిగాయి. తలుపు దగ్గర సుగుణ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన నోరు మూసుకున్నాడు. ఊపిరి సగంలోనే ఆగిపోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే. ఇంకోసారి అసలు మొదటి నుంచే మెల్లగా, భయం భయంగా ఊదాడు.

ఆమెను పక్కకు పిలిచి ఏమైందమ్మా అని అడిగాను.

“మా నాయిన పోయినప్పుడు మంచం కాడ గదే మాట అన్నరు మేడం. ఊపిరి వదిలిండు అన్నరు. మా ఇంట్ల ఆ మాట ఎవ్వలం అనం. ఆ పిల్లేమో నా మొగని మొఖం మీదనే, వదిలెయ్యి వదిలెయ్యి అంటున్నది. నేనెట్ల తట్టుకోవాలె?”

లోపలి నుంచి వింటున్న రాజం సారు సిగ్గుపడ్డాడు. “నాకేం పట్టింపు లేదు మేడం. లెక్కలు... చెప్పెటోన్ని. గని ఆమె మొఖం జూస్తె... నోరు మూసుకపోతది.”

వదలలేకపోవడమే రోగమైన మనిషిని మేము వారాల తరబడి వదలమంటున్నాం. ఆ మాటకు మన ఇళ్ళలో ఇంకో అర్థం ఉందని ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇంగ్లిష్‌లో చదువుకుని తెలుగులోకి మార్చి చెప్పే మనందరం చేసే పొరపాటే ఇది. అమ్మాయి తప్పేమీ లేదు.

సుగుణను బయట కూర్చోబెట్టలేదు. లోపలికే పిలిచి, ఆ గొట్టం ఆమె చేతికిచ్చాను. “మీ ఊళ్ళె ఊదుగొట్టం ఉండేది కదా. పొయ్యి ఆరిపోతున్నది. సారుతోని ఊదిపియ్యి.”

ఆమె గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి భర్త నోట్లో పెట్టింది. “ఊదుండ్రి,” అంది. “ఇంక ఊదుండ్రి. మంట రాలె. ఇంక... ఇంక... నిప్పు కనవడ్తున్నది, ఆపకుండ్రి.” ఆయన మొహం కందిపోయేదాకా ఊదాడు. కాగితం మీద గీత హద్దుకు కాస్త పైకి వచ్చి నిలబడింది.

టెక్నీషియన్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు సంతోషం కలగలేదు. నియమమే మన బదులు వద్దని చెప్పేస్తే ఎంత సుఖమో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఆ సుఖాన్ని నేనే చెడగొట్టుకున్నాను. ఇప్పుడు సరే అనాలో వద్దనాలో నేను తేల్చాలి.

వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. బల్ల మీదే ప్రాణం పోవచ్చు. మిషన్ మీది నుంచి దిగకపోవచ్చు. అంతా బాగా జరిగినా రోగం పోదు, కొన్నేళ్ళు వెనక్కి జరుగుతుందంతే. ఇలాంటివి రోగికి చెప్పకండని, బయటికి పంపి మాట్లాడదామని బంధువులు మన చెయ్యి పట్టుకుంటారు. మీరు మెత్తబడకండి. కోయించుకునేది ఆయన.

“సార్, మీకు ఎందుకు కావాలె ఈ ఆపరేషన్?” అని అడిగాను.

ఆయన ఊపిరి సర్దుకున్నాడు. “క్లాసుల ఒక్క లెక్క... మొదలువెడితే... ముగియాలె మేడం. నడుమల... ఆగకుంట. గంతే.”

నేను సరేనని రాశాను.

బల్ల మీద

రాబోయే మత్తు డాక్టర్ల కోసం ఈ భాగం రాస్తున్నాను, మిగతావాళ్ళు దాటవేయవచ్చు.

ఛాతీ తెరిచినప్పుడు ఒక ఊపిరితిత్తిని ఆపి, రెండోదాని మీదే మనిషిని నడిపిస్తాం. రాజం సారు రెండోదీ మంచిదేమీ కాదు. చీఫ్ కుడివైపు పైభాగాన్ని కోస్తుండగా బీపీ పడిపోవడం మొదలైంది. ఒకసారి మొదలయ్యాక జారుతూనే ఉంది. నాతో ఉన్న జూనియర్ డాక్టరు మిషన్ వైపు చెయ్యి చాపింది. “మేడం, ఇంకా గాలి ఇద్దాం,” అంది. చీఫ్ తల ఎత్తకుండా, “ఏమవుతోంది అక్కడ?” అన్నాడు.

ఇలాంటప్పుడు చేతులు వాటంతటవే ఇంకా గాలి కొట్టడానికి పోతాయి. కొట్టకూడదు. మిషన్ ఇచ్చే ఊపిరి బయటికి రాకముందే ఇంకో ఊపిరి వెళ్ళి, దాని మీద ఇంకోటి వెళ్ళి, లోపల గాలి పేరుకుని గుండెను నొక్కేస్తూ ఉంటుంది. నేను గొట్టాన్ని మిషన్ నుంచి ఊడదీశాను. నిద్రపోతున్న మనిషికి ఊపిరి ఆపేశానన్నమాట. గొట్టంలో నుంచి గాలి సన్నగా, చాలాసేపు బయటికి వస్తూనే ఉంది. అంత గాలి ఆయనలో దాక్కుని ఉందంటే నాకే ఆశ్చర్యమేసింది. తరువాత బీపీ మెల్లగా లేచింది. మళ్ళీ కలిపి, ఈసారి ఊపిరికీ ఊపిరికీ మధ్య చాలా ఎడం ఉంచాను. ఊడదీసినా బీపీ లేవకపోతే అవతలి వైపు ఊపిరితిత్తి పగిలిందేమో వెతకాలి. ఆరోజు ఆ అవసరం రాలేదు.

చీఫ్, “కానివ్వనా?” అని అడిగాడు. అన్నేళ్ళలో ఆయన నన్ను అడిగి ముందుకు పోయింది అప్పుడే అనుకుంటాను. కానివ్వండి అన్నాను.

కోసినచోట వేసిన కుట్టు తొందరగా అతకలేదు. ఈ ఊపిరితిత్తి తడిసిన కాగితంలా ఉంటుంది, కుట్టు పక్కనే చిరుగుతుంది. ఛాతీలో పెట్టిన గొట్టం చివర సీసాలో బుడగలు వస్తూనే ఉన్నాయి, అంటే గాలి ఇంకా కారుతోంది. సుగుణ ఆ సీసా ముందు కూర్చుని చూస్తూ ఉండేది. వారం దాటి, రెండో వారం కూడా నడిచింది. చీఫ్ ఆ వార్డు వైపు రావడం తగ్గించాడు. నేను రోజూ పోయి నిలబడేదాన్ని, చేయడానికి ఏమీ లేకపోయినా. ఒక మధ్యాహ్నం బుడగలు ఆగిపోయాయి. ఆమె ఎవరికీ చెప్పకుండా, మళ్ళీ వస్తాయేమోనని సాయంత్రం దాకా సీసా వైపే చూస్తూ కూర్చుంది.

ఆ తరువాత

వాళ్ళు ఇంటికి వెళ్ళిన కొన్ని నెలలకు సుగుణ ఫోను చేసింది. ఏడుస్తోంది.

“ఏమైంది సుగుణమ్మా? సారు ఎట్ల ఉన్నడు?”

“సారు నా మీద ఒర్రిండమ్మ,” అంది.

“ఎందుకు అరిచిండు?”

“బీరువ సదిరి, ఆయన కాయిదాలు యాడనో పెట్టిన. దొరుకుతలేవని ఒర్రిండు. ఒక్క తీరుగ ఒర్రిండమ్మ, నడుమల ఆగలె. గిన్నేండ్ల సంది నేను ఎన్ని మాటలన్నా ఊకున్నడు. మనిషి మారిండనుకున్న. దమ్ము లేక ఊకున్నడని గిప్పుడు ఎర్కైంది.”

ఏడుస్తూనే నవ్వింది. ఫోను పెట్టేశాక నేను కూడా ఏడ్చాను. నా ఉద్యోగంలో నాకు అందిన మెప్పుల్లో నేను దాచుకున్నది అదొక్కటే.

రాజం సారు క్లాసులో నిలబడి లెక్క మొదలుపెట్టి, ఆగకుండా ముగించాడు. ఒక ఏడాది కాదు, కొన్నేళ్ళు. ఇంతలో నేను రిటైరయ్యాను. మీరు ఈ ఆపరేషన్ గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు ‘సక్సెస్’ అనే మాట వాడకండి. మా చీఫ్ వాడేవాడు. మిగిలిన ఊపిరితిత్తి కూడా అదే ఊపిరితిత్తి. అది తన దారిన మెల్లగా పాడవుతూనే ఉంటుంది. మనం కొంతకాలం తెచ్చి ఇస్తాం. ఆ కాలం అయిపోయినప్పుడు మన దగ్గర ఇంకో కోత ఉండదు. ఇది ముందే చెప్పాలి, చెప్పినా వాళ్ళు వినరు. అయినా చెప్పాలి.

కిందటి నెల నారాయణగూడలో మందుల షాపు దగ్గర సుగుణ కనబడింది. చేతిలో ఇన్‌హేలర్లు ఉన్నాయి. సారు ఎట్ల ఉన్నడని అడిగాను.

“మంచిగనే ఉన్నడు మేడం. క్లాసుకు పోతుండు. కూసోని చెప్తుండు.”

చిల్లర తీసుకుని సంచిలో వేసుకుంది. వెళ్ళబోయి, ఆగింది.

“ఈ నడుమ నాతోని కొట్లాడుతలేడమ్మ,” అంది.

ఆమె రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

“నిన్న కావాల్నని పప్పుల ఉప్పు ఇంత ఎక్కువేసిన. తిని, మంచిగున్నదన్నడు.”